అక్క పెట్టిన చింతగింజలు

నా సంచిల ఇప్పటికీ పది చింతగింజలున్నయి. పారేద్దామని ఎన్నోసార్లు బయటికి తీసిన, చేతులు రాలె. మా అమ్మ చూసినప్పుడల్ల "ఇంత వయసొచ్చినంక పచ్చీసు ఆడుతవానే?" అని నవ్వుతది. నవ్వనియ్యి. నోట్ల నువ్వుగింజ నానదని మా ఇంట్ల నాకు పేరు. అసుంటి దాన్ని ఈ ఒక్క ముచ్చట ఇంట్ల ఎవ్వలకు చెప్పకుంట దాసుకున్న. ఇగ దాసుకునుడు నాతోని అయితలేదు, అందుకే రాస్తున్న.

అప్పట్ల నేను ఒక పెద్ద దవాఖాన తరఫున సర్వే పని చేస్తుంటి. సర్వే అంటే ఓట్ల సర్వే కాదు. కొందరికి వాసనలు పడయి. ఫినాయిల్, సెంటు, పెయింటు, పెట్రోలు, అగర్‌బత్తి, మనం ముక్కు మూసుకొని దాటిపోయేటియే వాళ్లకు తలకాయ పగిలే నొప్పి తెస్తయి. దమ్ము ఆడది, కండ్లు మండుతయి, రెండు మూడు దినాలు ఒంట్ల సత్తువ ఉండది. రక్తం తీసి చూస్తే ఏం దొరకది. ఫోటో తీస్తే ఏం కనపడది. మనిషిని అడిగి తెలుసుకోవాలె, వేరే తొవ్వ లేదు. అట్ల అడిగేటందుకు వేరే దేశంల ఒక ప్రశ్నల పుస్తకం ఉన్నది. దాన్ని తెలుగు చేసిండ్రు. చేసినంక అది మనోళ్ల దగ్గర పనిచేస్తదా లేదా అని తేల్చాలె గదా, ఆ తేల్చే పనిల ఇండ్లిండ్లు తిరిగి అడిగే మనిషిని నేను.

తేల్చుడంటే ఏం లేదు. ఒకే మనిషిని అవే ప్రశ్నలు పదిహేను దినాల ఎడంతోని రెండుసార్లు అడగాలె. మనిషి మారలె, బాధ మారలె, మరి ప్రశ్న మంచిదైతే జవాబు గూడ మారొద్దు. అడిగేటప్పుడు పక్కన ఇంటోళ్లు ఉండొద్దు. ఎవలకెంత వచ్చిందో ఎవ్వలకూ చెప్పొద్దు, ఎందుకంటే పుస్తకం ఇంకా పరీక్షలనే ఉన్నది. మా సారు కోస్తా మనిషి, మెత్తటోడు. "పద్ధతి తప్పితే మన శ్రమంతా వృథా అమ్మా" అని పొద్దుకొక్కసారన్న అనేటోడు. నేను తల ఊపేదాన్ని. తల ఊపుడుకు ఏం పోతది.

చింతగింజలు నా తెలివే. మొదట్ల సున్న నుంచి పది దాక ఒక గీత చూపిచ్చి, ఎంత బాధైతదో అక్కడ వేలు పెట్టుమనేదాన్ని. ఒక తాత అన్నిటికి పది మీదనే వేలు పెట్టిండు. "అయ్యో, ఏదీ పడదా తాతా?" అన్న. "పడకేంది? నాకన్ని పడతయి. అందుకే పదికి పది ఏసుకున్న" అన్నడు మీసం దువ్వుకుంట. బడిల మార్కులనుకున్నడు పాపం. అట్ల ఒక్కడా ఇద్దరా, వారం దినాల పని నాశనమైంది. ఆ కోపంల ఇంటికొచ్చి, మా అమ్మ డబ్బాల నుంచి పది గింజలు తీసి సంచిల ఏసుకున్న. ఎంత బాధైతే అన్ని గింజలు నా దిక్కు జరుపుమన్న. ఇగ ఎవ్వలూ తప్పు చెయ్యలె. సారు గూడ మెచ్చుకున్నడు.

ఆ సర్వేల దొరికి, నేను అక్కా అని పిలిచినామె ఇల్లు సాతంరాయిల, పెద్ద రోడ్డు దిగి రెండు గల్లీలు లోపటికి. ఎయిర్‌పోర్టు పోయే దిక్కు ఒక పెద్ద హోటల్ల బాత్రూములు కడిగే పని ఆమెది. నేను గేటు తీసి రెండడుగులు వేసిన్నో లేదో, "ఆగు చెల్లె, ఆడనే ఆగు! ఒంటికి ఏం కొట్టుకొచ్చినవ్?" అన్నది. నాకు సుర్రుమన్నది. ఎండలవడి వస్తే మంచినీళ్లు తాగుతవా అని అడిగేది పోయి ఏం కొట్టుకొచ్చినవంటదా? "సర్వేకొచ్చిన, దొంగతనానికి రాలె" అన్న. ఆమె నవ్వింది. రెండు కుర్చీలు బయటికి తెచ్చి, నిలబడి గాలి ఎటు కొడుతుందో చూసుకున్నది. గాలి తన దిక్కు నుంచి నా దిక్కు పోయేటట్టు కుర్చీలు తిప్పి, "ఇప్పుడు కూసో. నీ తప్పు కాదు చెల్లె, నా కర్మ" అన్నది. ఆ మాటకు నా కోపమంత దిగిపోయింది.

లోపల్నుంచి ఆమె అత్త నీళ్లు తెచ్చింది. ఆమె కొడుకు ఎప్పుడొస్తడని అడిగేందుకు "అన్న ఎప్పుడొస్తడవ్వా?" అంటే ముసలామె నవ్వింది. "దాన్ని అక్క అంటివి, నా కొడుకును అన్న అంటివి. ఇదేం వరుస బిడ్డా?" అన్నది. మంచి మనిషి. అడగకుంటనే లోపటికి పోయి మమ్మల్నిద్దరినే ఇడిసిపెట్టింది.

అక్క తలకు కుంకుడుకాయ, గిన్నెలకు బూడిద వాడుతది. బట్టలకు వాసన లేని సబ్బు ఎక్కడనో ఎతికి తెచ్చుకుంటది. హోటల్ల ఎనిమిది గంటలు ఆ మందుల నడుమనే ఉండి, ఇంటికొచ్చి గోడకు ఒరిగి కూసుంటే రెండు గంటలకు గాని మాట రాదంట. "డాక్టర్ల దగ్గరికి పోయిన. అన్ని మంచిగనే ఉన్నయన్నరు. బాగుంటే సంబురపడాలె గని, నేను ఏడ్సుకుంట వచ్చిన" అన్నది. మరి పని మానేస్తే అంటే చెయ్యి అడ్డం ఊపింది. "పని సంగతి కాదు చెల్లె. ఎక్కడైన రెక్కలే గదా. మా ఆయన నాటకమంటడు. ఏసీల పనిచేసి వచ్చి ఇంట్ల రాణిలెక్క ముక్కు మూసుకుంటదని నలుగుర్ల నవ్వుతడు. ఆయన ఒక్కపారి 'నిజమేనే, నీకు బాధైతుంది' అంటే చాలు. ఇగ నాకేం వద్దు."

అడుగుడు మొదలువెట్టిన. ఫినాయిల్‌కు పది గింజలు జరిపింది. పెయింటుకు పది. ఊదుబత్తికి, సెంటుకు, పెట్రోలుకు అన్నిటికి పదే. మొత్తం మీద ఈ బాధ నీ బతుకును ఎంత పాడుచేసిందంటే, పది గింజలు రెండు చేతులతోని నా దిక్కు నెట్టి, "ఇంకుంటే ఇంక పెడుతుంటి" అన్నది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సర్వే మనిషి ఏడ్వొద్దని ఏ నియమాలల్ల లేదు.

ఒక్కదానికి మాత్రం చెయ్యి జరగలె. కారు లోపటి వాసన, కార్ల పెట్టే సెంటు డబ్బా. ఆమె భర్త ఎయిర్‌పోర్టుల కిరాయి కారు నడుపుతడు. ఆ ప్రశ్న అడగంగనే పిడికిలి మూసుకున్నది. "సున్న రాయి" అన్నది. నేను ఊకుంటనా? అన్నింటికి పది పెట్టినామెవు దీనికి సున్న ఏందక్కా, కార్ల కూసుంటే ఏం గాదా అని అడిగిన. తల దించుకున్నది. "కూసోలేను. ఒక్కసారి కూసుంటే మూడు దినాలు లేవలె. నాకు బస్సు అలవాటైందని ఆయనకు చెప్పుకొస్తున్న. ఊరంత ఎక్కుతరు, నా పెండ్లామే నా కారు ఎక్కదని ఆయనకు మస్తు రంది. ఆ కారు ఇంటికి తెచ్చిన దినం పూలదండ ఏసి ఏడ్చిండు చెల్లె. దాన్ని నా నోటితోని బద్నాం చెయ్య. సున్ననే రాయి." చెప్పింది చెప్పినట్టు రాసుడే నా పని. సున్న రాసిన.

లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నది. "మల్ల వచ్చినప్పుడు ఆయన ముంగట చెప్తవా? దవాఖానోళ్లు చెప్తే నమ్ముతడు." చెప్పొద్దని నాకెరుకే. అన్న ఉండొద్దని గూడ ఎరుకే. కని ఆ మొఖం చూసి కాదని ఎట్లంటం? "చెప్తక్కా, అన్నను ఇంట్లనే ఉండుమను. నేను చెప్త" అన్న. ఆ మాట ఇచ్చినప్పుడు నేనేదో న్యాయం చేస్తున్నట్టు, మా సారుకంటె నాకే ఎక్కువ తెలిసినట్టు మురుసుకుంట బస్సెక్కిన. థూ నా మురిపెం!

పదిహేను దినాలైనంక పోయేనాడు పౌడరు ముట్టలె, తలకు కుంకుడుకాయతోని పోసుకున్న, నూనె పెట్టలె. మా అమ్మ "ఎవలన్న పోయిండ్రా?" అని అడిగింది కూడ. అంత జాగ్రత్తగ పోతే, అక్క ఇంటి గేటు దగ్గరనే గుప్పుమన్నది ఫినాయిల్. బండలు తళతళ మెరుస్తున్నయి. లోపట గోడకు గుచ్చిన ఊదుబత్తుల కట్ట పొగలు ఊదుతున్నది. మన దిక్కు ఎట్లుంటదో తెలుసు గదా, బయటి మనిషి వస్తుందంటే ఇల్లు కడిగి వాసన కొట్టియ్యాలె. బూడిద, కుంకుడు వాసనొస్తే పేదిల్లు అనుకుంటరని భయం. అందులో వచ్చేది దవాఖాన మేడం. ముసలామె పొద్దుగాలనే లేచి బండలు రెండుసార్లు తుడిచిందంట. "నీ కోసమే బిడ్డా" అన్నది సంబురంగ. కోడలు రోజూ ముక్కుకు కొంగు పెట్టుకునేది చూసే మనిషే. కని మర్యాద వేరు, రోగం వేరు ఆమె లెక్కల. అక్క వద్దనలె. మర్యాద చేస్తుంటే వద్దంటరా ఎవరన్న?

అన్న ఇస్త్రీ చేసిన తెల్ల అంగి ఏసుకొని ఎదురు కుర్చీల కూసున్నడు. అంగికి గూడ సెంటు. అక్క గోడ పక్కకు చాప మీద. కండ్లు ఎర్రగైనయి, గొంతు పూడుకపోయింది, దగ్గు ఆపుకుంట నా దిక్కు చూసి నవ్వింది. వెనకకు తిరగాలె నేను. ఈ దినం కాదక్కా అని చెప్పి లేవాలె. లేకపోతే బయటికి తీసుకపోవాలె, కుర్చీలు గాలికి తిప్పుకోవాలె. ఆమెనే నేర్పింది గదా నాకు. కని అన్న ఉన్నడు, ఇయ్యాల చెప్తనన్న, మల్ల ఆయన ఎప్పుడు దొరుకుతడో అని గింజలు తీసి చాప మీద పెట్టిన.

"చూసినవా మేడం, ఎవరన్న వస్తే చాలు దగ్గు షురూ" అన్నడు అన్న నవ్వుకుంట.

ఫినాయిల్ అని అడిగిన. అక్క చెయ్యి గింజల మీదికి వచ్చింది. అప్పుడే అత్త చాయ్ పట్టుకొని గడపల నిలబడ్డది. అక్క ఆమె దిక్కు చూసింది, తడి బండలు చూసింది. ఒక్క గింజ జరిపింది. సెంటు అని అడిగిన. భర్త అంగి చూసి చెయ్యి వెనకకు తీసుకున్నది. ఊదుబత్తికి లేదు. పెట్రోలుకు లేదు. ఇంటి గుట్టు లంకకు చేటని మనోళ్లు ఆడపిల్లకు పాలతోనే పోస్తరు. భర్త ముంగట, అత్త ముంగట, బయటి మనిషితోని ఈ ఇల్లు నన్ను బాధపెడుతుందని ఏ ఆడామె చెప్తది? ఇంత చిన్న సంగతి నాకు తెల్వదా? నాకు తెల్వదా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంట.

ఆఖరి ప్రశ్నకు గింజలన్ని పిడికిట్ల పట్టుకొని మోకాలి కింద దాసుకున్నది. "ఏం లేదు చెల్లె. మంచిగనే ఉన్న. సున్న" అన్నది.

అన్న కుర్చీల నుంచి ముందుకు వంగిండు. "విన్నవు గద మేడం? అవ్వా, నువ్వూ విన్నవు గద? దాని నోటితోనే సున్న అన్నది. ఇగ నాకు మల్ల చెప్పకే." అక్క నన్ను చూసింది. ఇప్పుడు చెప్పు అన్నట్టు చూసింది. పోయినసారి పది పెట్టిందన్నా, నా కండ్ల ముంగట రెండు చేతులతోని నెట్టిందన్నా అని ఒక్క మాట చెప్తే అయిపోతుండె. బస్సుల చిల్లరకు కండక్టర్‌తోని పంచాయితీ పెట్టే నోరు నాది. ఆ నోరు ఆ పొద్దు పడిపోయింది. అంతదాక గుర్తుకు రాని నియమాలన్ని అప్పుడే గుర్తుకొచ్చినయి. జవాబు బయట చెప్పొద్దు. సారుకు తెలుస్తది. నా పని పోతది. చాయ్ తాగి, గింజలు ఏరుకొని లేచిన.

గేటు దాక వచ్చింది అక్క, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని. "నువ్వు చెప్తవనుకున్న" అన్నది. తిట్టినట్టు గాదు, ఊకెనే అన్నది. మెల్లగ పో, బండ్లు మస్తు తిరుగుతయి అని జాగ్రత్త గూడ చెప్పింది.

సారు రెండు కాయితాలు పక్కపక్కన పెట్టుకొని చూసిండు. "ఇంత తేడా ఎలా వచ్చిందమ్మా? పక్కన ఎవరైనా ఉన్నారా?" అబద్ధం చెప్పలె. అన్ని చెప్పిన. తిట్టినా బాగుండు, ఆయన కండ్లజోడు తీసి తుడుచుకున్నడు. "అయితే ఈ జత తీసేయాలి" అన్నడు. మొదటిదన్న ఉంచుండ్రి సార్, అది నిజం, నేను చూసిన అన్న. "నిజమే కావచ్చమ్మా. కానీ జతలో ఒకటి చెడితే రెండూ చెడినట్టే" అన్నడు. ఆ పుస్తకం తర్వాత పాసైంది. తెలుగుల మంచిగ పనిచేస్తదని తేలింది. మిఠాయి పంచిండ్రు. అక్క కాయితాలు మాత్రం దాంట్ల లేవు.

వానలు తగ్గినంక తెలిసింది నాకు. హోటల్ల బాత్రూము కడుగుతుంటే పడ్డదంట. తలకాయకు దెబ్బ. దవాఖానల మూడు దినాలుండి పానం ఇడిసింది. కాలు జారిందన్నరు. తడి బండలు, జారొచ్చు. కండ్లు తిరిగి పడ్డదో, దమ్ము ఆడక పడ్డదో ఎవలకెరుక? నేను చూడలె, కాబట్టి అన. కని ఆ మాట విన్న కాడి నుంచి మా ఇంట్ల ఫినాయిల్ డబ్బా పెట్టనియ్యలె. పోయి మొఖం చూపియ్యాలె అనుకున్న. సాతంరాయి స్టేజీ దాక పోయి రెండుసార్లు వెనకకు తిరిగిన.

నేను పోలె గని అన్ననే వచ్చిండు. దినాలన్ని అయిపోయినంక, ఒకనాడు పొద్దుగాల శంషాబాద్‌ల మా ఇంటి ముంగట కారు ఆగింది. నా ఇల్లు ఎట్ల దొరకబట్టిండో. గడ్డం పెరిగింది, మనిషి సగమైండు. లోపటికి రమ్మంటే రాలె, అరుగు మీద కూసున్నడు. కారు తాళం పక్కన పెట్టుకున్నడు.

"హోటల్‌కు పోయిన చెల్లె, దాని సంచి తెచ్చుకునేందుకు" అన్నడు. అప్పటిదాక మేడం అనేటోడు. "ఆ మందుల డబ్బాలు పెట్టే చిన్న అర్ర ఉంటది. దాంట్లనే బట్టలు మార్చుకునేదంట, దాంట్లనే తినేదంట. సంచి ఎతికేదాక నిలబడ్డ. నాకే దమ్మాడలె. బయటికొచ్చి కక్కుకున్న." అంగి చేత్తోని మూతి తుడుచుకున్నడు. "మొదటిపారి నువ్వొచ్చినప్పుడు నేను లేను. అప్పుడేం చెప్పిందో చెప్పు."

కాయితాలు దవాఖానల తాళమేసి ఉంటయన్నా, నాకియ్యరు అన్న. "కాయితం వద్దు. నీకు యాది ఉన్నదా?"

యాది లేకేం. లోపటికి పోయి సంచిల నుంచి గింజలు తెచ్చి అరుగు మీద పోసిన. ఫినాయిల్ అన్న, పది గింజలు ఆయన దిక్కు జరిపిన. మల్ల వెనకకు తీసుకొని పెయింటు అన్న, పది జరిపిన. ఊదుబత్తి, పది. సెంటు, పది. ఆ మాటకు అంగి కాలర్ పట్టుకొని సూసుకున్నడు. బతుకు ఎంత పాడైందంటే ఏం చెప్పిందో, ఆమె చేసినట్టే రెండు చేతులతోని నెట్టిన. ఆనాడే చెప్పాల్సిన మాట. చాప మీద చెప్పాల్సింది అరుగు మీద చెప్తున్న. ఆయన ఏడుస్తున్నడు, కండ్లు తుడుచుకోకుంట గింజలనే చూస్తున్నడు. "నిజమేనే" అన్నడు. "నీకు బాధైతుండె." నాతోని కాదు.

గింజల మీద నుంచి చూపు తియ్యకుంటనే అడిగిండు. "కారు గురించి గూడ ఉన్నదా దాంట్ల?"

ఉన్నదన్న.

"ఎన్ని?"

నా చేతులు లేవలె. గింజలు అట్లనే ఉన్నయి. ఆయన తలెత్తి చూసిండు. "సున్ననా? మరి నా కారు పడుతుండె గదా. ఎందుకెక్కకపోయె? పద్నాలుగు సార్లు పిలిచిన గావచ్చు, పహాడీ షరీఫ్ దర్గాకు పోదాం రాయే అంటే గూడ బస్సుల వస్తనన్నది. నేను నడిపేది ఆమెకు నామోషీ అనుకున్న."

చెప్పొద్దని ఆమె నన్నడగలె. చెప్పుమని గూడ అనలె. ఒకసారి నోరు మూసుకొని ఏం చేసిన్నో నాకు తెలుసు. "పడకపోతుండె అన్నా. కూసుంటే మూడు దినాలు లేవకపోతుండె. నీ కారును తన నోటితోని బద్నాం చెయ్యనన్నది. అందుకే సున్న రాపిచ్చింది" అన్న.

"అన్నిటికి నిజం చెప్పి, నా కాడికొచ్చేవరకు అబద్ధమాడిందా?"

"ఆడింది."

లేచిండు. నిలబడి కారు దిక్కు చూసిండు. ఆ అద్దం కాడ సెంటు డబ్బా ఏలాడుతున్నది, అరుగు మీదికి గూడ కనపడుతున్నది. తాళం తీసుకోలె. చెప్పులేసుకొని, పెద్ద రోడ్డు ఎక్కి, సాతంరాయి దిక్కు నడుసుకుంట పోయిండు. "అన్నా, తాళం!" అని నేను రెండుసార్లు పిలిచిన. తిరిగి చూడలె.